అనకాపల్లి బెల్లము – వన్నె, వాసి, ధ్రువపత్రము

శారదానదీ తీరమున నున్న అనకాపల్లి పట్టణమునకు బెల్లము వలన గలిగిన ప్రసిద్ధి మఱి యే వస్తువు వలనను గలుగలేదు. మార్గశిరము మొదలు ఫాల్గునము దాటు వఱకును చుట్టుపట్ల గ్రామములలో చెఱకు తోటల నడుమ గానుగలు తిరుగుచుండగా, పెనముల నుండి లేచిన తీపి ఆవిరి రాత్రులందు ఊళ్ళపై వ్యాపించుచుండగా, తెల్లవారుసరికి దిమ్మలతో నిండిన బండ్లు – నేడు ఆటోలును వ్యానులును – మార్కెటు ప్రాంగణమును చేరుట అచ్చటివారికి తరతరముల నుండి అలవాటైన దృశ్యము. దేశములోని బెల్లపు మార్కెట్లలో ఇది రెండవ పెద్దదని చిరకాలముగా పేరు. ఆ ప్రాంగణమున దిమ్మలను వరుసలుగా పేర్చగా, వర్తకులు వాని నడుమ నడచుచు, ఒక్కొక్క రాశి యెదుట నిలిచి, అది మొదటి రకమనియో రెండవ రకమనియో మూడవ రకమనియో నిర్ణయించి ధర పలుకుదురు. ఆ నిర్ణయమునకు వారికి గల ప్రధాన ప్రమాణము వన్నె. బంగారు చాయ గల దిమ్మకు అగ్రస్థానము, ఎఱ్ఱనిదానికి తరువాతి స్థానము, నల్లనిదానికి కట్టకడపటి స్థానము. చెఱకు ఏ నేలలో పెరిగినది, ఆ నేలకు ఏ ఎరువు పడినది, రసము కాగుచుండగా పెనములో ఏమి కలిపిరి అను ప్రశ్నలకు ఆ వరుసలలో ఏనాడును తావు దొరకలేదు.

సేంద్రియ సేద్యమును గుఱించి మనవారు వ్రాయునది సాధారణముగా పొలముతో మొదలై పొలముతోనే ముగియును. పశువుల ఎరువు, పచ్చిరొట్ట, జీవామృతము, వేపగింజల కషాయము మున్నగువాని ప్రస్తావన విస్తారముగా నుండును గాని, కోసిన పంట పొలము గట్టు దాటిన పిదప గానుగలోను, మరలోను, గోనెలోను, గిడ్డంగిలోను దాని గతి యేమగుచున్నదో విచారించిన రచనలు అరుదు. తక్కిన పంటల విషయమున ఈ లోపమును కొంత మన్నింపవచ్చును. చెఱకు విషయమున మన్నింపరాదు. చెఱకును చెఱకుగా నిలువ చేయుట ఎవరి తరమును కాదు. నఱికిన గడ ఒకటి రెండు దినములలో గానుగకు చేరకున్నచో రసము చెడనారంభించి తీపి తఱుగును, పాకము గట్టిపడదు. కావున చెఱకు రైతు తానే వంటకు దిగవలెను, లేదా మఱియొకని పెనము నాశ్రయింపవలెను. ఏండ్ల తరబడి శ్రమించి నేలను రసాయనముల నుండి విడిపించినవాని కష్టము రెండు మూడు గంటల వంటలో, ఒక గుప్పెడు పొడి వలన, వ్యర్థమైపోగలదు. పండినదానిని శుద్ధముగా సరుకు చేయుట ఎట్లో, ఆ శుద్ధిని ఎన్నడును ఆ ఊరు చూడని కొనుగోలుదారునకు నమ్మకము కలుగునట్లు నిరూపించుట ఎట్లో తెలిసికొనుటకు బెల్లమును మించిన ఉదాహరణము తెలుగునాట లేదని నా దృఢవిశ్వాసము.

బెల్లము మనకు ఎంత ప్రాచీనమైనదో చెప్పుటకు కౌటిల్యుని అర్థశాస్త్రము చాలును. రాజు కోష్ఠాగారమున నిలువ చేయింపవలసిన పదార్థములలో ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర అని చెఱకు రసపు అవస్థలన్నియు ఒక వర్గముగా అందు లెక్కింపబడినవి. అంతకంటె విశేషమైన సంగతి మఱియొకటి గలదు. ధాన్యము, నూనె, ఈ తీపి పదార్థముల వర్గము, ఉప్పు, ఔషధములు మున్నగువానిలో వానితో సమానమైన వన్నె గల అన్యవస్తువును కలిపి అమ్మువానికి పండ్రెండు పణముల దండనమును ఆ గ్రంథము విధించినది. వంచన వన్నెను ఆశ్రయించియే జరుగునని రెండువేల యేండ్ల క్రిందటి శాసనకర్త గ్రహించియుండుట గమనింపదగినది. ఆయుర్వేద గ్రంథములు క్రొత్త బెల్లము కంటె నిలువయున్న పురాణగుడమునకు ఆధిక్యమొసగినవి. నిలువయున్న కొలది బెల్లము నల్లబడును గదా. కావున నలుపును దోషముగా ఎంచు నేటి బుద్ధి పూర్వులకు ఉండినట్లు తోచదు.

పూర్వపు గానుగ చెక్కది. గట్టి కొయ్యతో చేసిన నిలువు దుంగలు ఒకదాని నొకటి ఒరసికొనుచు తిరుగుచుండ, వాని నడుమ గడలను దూర్చి, ఎడ్ల జతను చుట్టును త్రిప్పెడివారు. కారిన రసము కుండలలోనికిని, అందుండి వెడల్పయిన పెనములోనికిని చేరును. పొయ్యికి వేఱుగ కట్టెలు కొననక్కఱలేదు. రసము పిండిన పిప్పినే ఎండబెట్టి మంటకు వాడుదురు. రసము వేడెక్కుచున్న కొలదిని అందలి మడ్డి పైకి తేలును. దానిని విడదీయుటకు రెండు సాధనములు వాడుకలో నుండెడివి. ఒకటి సున్నపు తేట. అది రసములోని పులుపును విఱుచును. రెండవది బెండ మొక్కల కాండములను దంచి నీటిలో పిసికి తీసిన జిగురు. అది తేలియాడు మలినములను తనలో చుట్టుకొని తెట్టుగా పైకి తెచ్చును. ఆ తెట్టును ఎంత ఓపికతో, ఎన్ని మాఱులు తీసివేసిన, బెల్లమున కంత తేట. రసము పొంగినప్పుడు కొంచెము ఆముదమో వేరుసెనగ నూనెయో చిలుకరించి పొంగు నణచెదరు. కడపట, పాకము ముదిరినదో లేదో తెలియుటకు చల్లని నీటిలో ఒక బొట్టు వేసి వ్రేళ్ళతో ఉండ చేసి చూతురు. ఉండ గట్టిపడినచో పెనము దింపి, పాకమును తొట్టిలో పోసి, కలియబెట్టి, అచ్చులకు ఎత్తుదురు. కొద్దిగా ముందైనచో దిమ్మ సాగును, కొద్దిగా వెనుకైనచో మాడి చేదగును. పాకము పట్టుటలో చేయి తిరిగినవానికి ఊర గల గౌరవము ఈ సూక్ష్మము వలన వచ్చినది. తినువారు ఆ ఊరివారో పొరుగూరివారో యగుటచే ఎవరి పెనము శుభ్రమైనది, ఎవరు తెట్టు సరిగా తీయుదురు అన్నది అందఱు ఎఱిగినదే. వ్రాతతో పనిలేని ధ్రువీకరణ మది.

ఈ పరిచయపు పరిధిని చెదరగొట్టినవి ఇనుప గానుగయు, ఇనుప దారియు. 1870లలో బీహారులోని బిహియా యెస్టేటున థామ్సన్, మిల్న్ అను ఇరువురు దొరలు ఇనుప రోలర్ల గానుగను నిర్మించి ప్రచారమునకు తెచ్చిరి. కొన్ని దశాబ్దములలో అది దేశమున పెక్కుచోట్ల కొయ్య గానుగ స్థానము నాక్రమించినది. 1890లలో తూర్పుతీరపు రైలుమార్గము అనకాపల్లి మీదుగా పడుటతో అచ్చటి దిమ్మలకు ఒరిస్సా, వంగదేశముల త్రోవ తెఱచుకొన్నది. ఆ కాలమునందే గోదావరి మండలమున ఎఱ్ఱకుళ్ళు తెగులు చెఱకు తోటలను మాడ్చివేయగా, బార్బరు అను వృక్షశాస్త్రజ్ఞుని కృషి వలన 1902లో సామర్లకోటలో పరిశోధన క్షేత్రము నెలకొన్నది. 1912లో కోయంబత్తూరున చెఱకు వంగడముల ప్రజనన కేంద్రమును, 1913లో అనకాపల్లిలో చెఱకు పరిశోధన స్థానమును వెలసినవి. తెగుళ్ళకు తట్టుకొను వంగడములు, అధిక దిగుబడి గల వంగడములు రైతులకు అందుటకు ఈ సంస్థలు చేసిన ఉపకారము తక్కువది కాదు. కాని బెల్లము ఇపుడు ముఖపరిచయము లేని దూరదేశపు వర్తకుని కొఱకు వండబడుచుండెను. ఆ వర్తకునకు వండినవాని పేరు తెలియదు, పెనము తెలియదు. అతడు చూడగలిగినది వన్నెయొక్కటే. వన్నెకు గల నిరంకుశాధికారము ఇట్లు ప్రారంభమైనది.

1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ కల్పించు శాసనము వచ్చినది. విదేశపు చక్కెరపై సుంకము పెరుగగా, కొలది యేండ్లలో దేశమంతట కర్మాగారములు లేచినవి. అనకాపల్లికి చేరువనున్న ఏటికొప్పాకలో 1933లో సహకార చక్కెర కర్మాగారము స్థాపితమైనది. నిజాము రాజ్యమున బోధను వద్ద 1937లో నిజాము చక్కెర కర్మాగారము తలయెత్తినది. మల్లెపూవు వంటి తెల్లని చక్కెర సామాన్యుని ఇంటికి సైతము చేరుటతో తీపి యనగానే తెలుపు అను భావము జనుల మనస్సులలో నాటుకొన్నది. బెల్లము చక్కెరతో పోటీ పడవలసి వచ్చినపుడు చక్కెర చాయకు చేరువగుటయే దానికి మార్గమని వర్తకులు తలచిరి. దీనికి ఎదురు నిలిచినవారు లేకపోలేదు. 1934లో వార్ధాలో నెలకొన్న అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘము, గాంధీజీ ప్రోత్సాహమున, కుమారప్ప కార్యదర్శిత్వమున, దంపుడు బియ్యమును, గానుగ నూనెను, బెల్లమును మరలలో చేసిన సరుకుల నుండి కాపాడవలెనని పోరాడినది. ఆ సంఘము వాదము ఆరోగ్యమునకే పరిమితము కాలేదు. పంటను సరుకుగా మార్చు పని గ్రామమును విడిచిపోయినచో ఆ పనిలోని కూలియు, నేర్పును, బాధ్యతయు గ్రామమును విడిచిపోవునని వారి హెచ్చరిక. తరువాతి చరిత్ర ఆ హెచ్చరికను పూర్తిగా నిజము చేసినది.

పెనములోనికి హైడ్రోసు అను తెల్లని పొడి వచ్చుట ఈ వన్నె వ్యామోహపు ఫలమే. అది సోడియం హైడ్రోసల్ఫైటు. నూలు బట్టల అద్దకములో వాడు రసాయనము. మరగుచున్న రసములో దానిని చల్లినచో గంధక వాయువు వెలువడి, నల్లనో ఎఱ్ఱనో కావలసిన పాకము చూచుచుండగానే పసిమి తిరుగును. సఫోలైటు అను మఱియొక పొడియు ఇట్టిదే. కొన్ని చోట్ల పొలమునకు వేయవలసిన సూపర్ ఫాస్ఫేటును సైతము రసము తేటపఱచుటకు పెనములో వేసిరి. ఇంతటి సాహసమునకు ఒడిగట్టిన రైతు దుర్మార్గుడని నేననను. ఒకే తోటలోని చెఱకుతో వండిన రెండు రాశులలో పసిమి దానికి ఎక్కువ ధర, నలుపు దానికి తక్కువ ధర పలికి, ఆ తేడా అతని ఏడాది లాభమును మ్రింగివేయుచున్నపుడు, పొడి డబ్బా వైపు అతని చేయి సాగినచో, ఆ చేతిని సాగించినది మార్కెటు. విషాదమేమనగా ఆ పసిమి నిలువదు. కొన్ని వారములు గడచి వానకాలపు తేమ తగులగానే దిమ్మ మరల నల్లబడును. అప్పటికి వర్తకుడు దానిని వదిలించుకొనియుండును.

పొలమునకును పెనమునకును గల సంబంధమును ఇచ్చట చెప్పవలసియున్నది. నత్రజని యెరువు అతిగా వేసిన తోటలోని గడలు బలిసి బరువు తూగును గాని, రసములో తీపికాని పదార్థములు పెరిగి, పాకము సరిగా గట్టిపడక, బెల్లము త్వరగా చెమర్చును. చౌడు నేల చెఱకు ఉప్పు బెల్లమునిచ్చును. చెడిన రసమును మంచి దిమ్మగా చూపవలసి వచ్చినప్పుడు రసాయనము తోడ్పాటు మఱింత అవసరమగును. కొందఱు ఇంకను ముందునకు పోయి, చక్కెర చవుకగా నున్న దినములలో నాసిరకపు చక్కెరను రసములో కఱగించి బెల్లముగా పోయనారంభించిరి. నేలలో చేసిన తప్పు పెనములో మఱియొక తప్పును కోరును. శుద్ధమైన పొలము లేనిదే శుద్ధమైన పెనము కష్టము, శుద్ధమైన పెనము లేనిదే పొలపు శుద్ధి నిష్ఫలము.

నల్లబెల్లమునకు మఱియొక ఆపద వచ్చినది. నాటుసారా కాయువారు చవుకగా దొరకు నల్లబెల్లమును వాడుచుండుటచే ఆబ్కారీ శాఖవారు దాని అమ్మకముపైనను రవాణాపైనను ఆంక్షలు విధించి, సరుకు పట్టుకొనసాగిరి. వివాదములు ఉన్నత న్యాయస్థానము వఱకు పోయినవి. సారా వలన చితికిన కుటుంబముల దుఃఖమును ఎఱిగిన వారెవ్వరును ఆ శాఖ ఉద్దేశమును తప్పుపట్టరు. కాని ఫలితమేమనగా, రసాయనము లేకుండ వండిన రైతు దిమ్మను వర్తకుడు మూడవ రకమని చిన్నచూపు చూచుచుండగా, అధికారి సారా సరుకేమోనని అనుమానముతో చూడసాగెను. రెండేండ్లకొకమాఱు మేడారములో సమ్మక్క సారలమ్మల గద్దెల వద్ద భక్తులు తమ బరువుకు తూగిన బెల్లమును బంగారమని పిలిచి సమర్పించు జాతిలో, కల్తీలేని బెల్లము ఇట్టి గతికి వచ్చుట శోచనీయము.

కల్తీ నరికట్టు శాసనములు మనకు లేకపోలేదు. మద్రాసు రాష్ట్రమున 1918లోనే కల్తీ నివారణ శాసనము వచ్చినది. వ్యవసాయమును విచారించిన రాయల్ కమిషను సిఫారసుల తరువాత 1937లో వ్యవసాయ వస్తువుల శ్రేణీకరణ శాసనము వెలువడి అగ్‌మార్కు ముద్రకు మూలమైనది. 1954లో దేశమంతటికిని ఆహార కల్తీ నివారణ శాసనము ఏర్పడినది. ఇవి యన్నియు మేలుచేసినవే. అయినను వీని చూపు వస్తువు మీదనే నిలిచినది: ముందున్న దిమ్మలో తేమ యెంత, ఇసుక యెంత, గంధకపు శేషమెంత అని పరీక్షింతురు. ఆ వస్తువు ఏ త్రోవన వచ్చినదో అడుగరు. త్రోవను అడుగు పద్ధతి వేఱొక ఉద్యమము నుండి, అనగా సేంద్రియ సేద్యోద్యమము నుండి, రావలసియుండెను.

ఆ ఉద్యమమునకు మన దేశముతో గల బంధము ప్రసిద్ధము. 1905లో బీహారులోని పూసాకు వచ్చిన ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్టు హోవర్డు, 1924లో ఇండోరున నెలకొల్పిన సంస్థలో పశువుల పెంటను, చెత్తను, మట్టిని పొరలుగా పేర్చి ఎరువు చేయు విధానమును శాస్త్రీయముగా తీర్చి, యశ్వంత్ వాడ్ అను సహచరునితో కలిసి 1931లో గ్రంథస్థము చేసెను. భారతీయ కర్షకులను తన గురువులుగా చెప్పుకొన్న వినయశాలి ఆయన. అటు జర్మనీలో స్టెయినరు 1924లో చేసిన ఉపన్యాసముల ననుసరించినవారు 1928 నాటికే తమ పంటలకు డిమీటరు అను ముద్ర నేర్పఱచుకొనిరి. ఇంగ్లండులో 1946లో స్థాపితమైన సాయిల్ అసోసియేషను 1967లో తొలి ప్రమాణములను ప్రకటించినది. 1972లో ఫ్రాన్సులో అంతర్జాతీయ సేంద్రియ ఉద్యమ సమాఖ్య ఏర్పడెను. 1973లో కాలిఫోర్నియా రైతులు తమలో తాము తనిఖీ చేసికొను సంఘమును పెట్టుకొనిరి. తొలుత ఇవి యన్నియు ఇష్టపూర్వకమైన కట్టుబాట్లు. వర్తకము పెరిగి మోసములు తలయెత్తగా, 1991లో ఐరోపావారు, 2002 నాటికి అమెరికావారు వానిని శాసనములుగా అమలులోనికి తెచ్చిరి. మన కేంద్ర ప్రభుత్వము ఎగుమతులను దృష్టిలో నుంచుకొని 2000లో జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమమును ప్రారంభించినది.

ఈ కార్యక్రమపు నిబంధనలు పొలమును గుఱించి చెప్పునది సుపరిచితము: ఏడాది పంటలకు విత్తుటకు ముందు రెండేండ్లు, బహువార్షిక పంటలకు తొలి కోతకు ముందు మూడేండ్లు నిషిద్ధ రసాయనములు తగులరాదు; పొరుగు చేను మందు వచ్చిపడకుండ నడుమ కొంత మేర విడువవలెను; వేసినది, చల్లినది, కోసినది దినచర్య పుస్తకమున వ్రాయవలెను. గానుగ వద్దకు వచ్చునప్పటికి నిబంధనలు మఱింత కఠినమగును. ఒకే గానుగలో సేంద్రియపు చెఱకును మామూలు చెఱకును ఆడునట్లయిన, రెండింటికిని కాలము వేఱుగ నుండవలెను. రోలర్లు, కాలువలు, పెనము, తొట్టి, అచ్చులు కడిగిన గుర్తు పుస్తకమున ఉండవలెను. కడిగిన తరువాత తొలుత వండిన కొంత బెల్లమును సేంద్రియమని అమ్మక మామూలు సరుకులో కలుపుట కొందఱు తనిఖీదారులు కోరు జాగ్రత్త. సున్నమునకు అనుమతి గలదు, హైడ్రోసునకు లేదు. బెండ జిగురు తీయు మొక్కయు, పొంగు నణచు నూనెయు సేంద్రియముగా పండినవై యుండవలెను. సొంఠియో యేలకులో కలిపినచో వాని పుట్టుకను సైతము చూపవలెను. గిడ్డంగిలో పురుగునకు మిథైల్ బ్రోమైడు, అల్యూమినియం ఫాస్ఫైడు, ఇథిలీన్ ఆక్సైడు పొగలు వేయరాదు. యూరియా వచ్చిన సంచిలో దిమ్మను పెట్టరాదు. ఎవరి తోట, ఏ దినపు వంట, ఎన్ని దిమ్మలు అన్నది ప్రతి రాశి మీదను గుర్తుండవలెను.

ఈ నిబంధనలలో నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచునది లెక్క సరిపోల్చుట. నూఱు కిలోల చెఱకు నుండి బెల్లము పది మొదలు పండ్రెండు కిలోల వఱకు దిగును. ఎకరమునకు 30 టన్నుల గడ పండినదని పుస్తకమున నున్నచో బెల్లము 3 టన్నులకు కొంచెము పైబడవచ్చును గాని 5 టన్నులు కాజాలదు. తనిఖీకి వచ్చినవాడు మొదట తోటను చూచి దిగుబడి అంచనా వేయును. మొక్కతోటయో, కోసిన మోళ్ళ నుండి మరల చిగిర్చిన కార్శితోటయో అడుగును. గానుగ పుస్తకమున ఆడిన గడ బరువును చూచును. తరువాత అమ్మిన బిల్లులను కూడును. అమ్మినది వండినదానిని మించినచో ఎక్కడనో మామూలు బెల్లమో, కఱగించిన చక్కెరయో వచ్చి చేరినదన్న మాట. ప్రయోగశాలకు అంత సులభముగా చిక్కని మోసమును నాలుగు కూడికలు బయటపెట్టును. కౌటిల్యుడు దండించిన సమవర్ణపు కల్తీకి ఇంతకాలమునకు సరియైన పరీక్ష దొరికినది. అది కంటితో చూచు పరీక్ష కాదు.

అయినను కాగితము మీద నిబంధన యుండుట వేఱు, గిడ్డంగిలో అది అమలగుట వేఱు. 2020 సెప్టెంబరులో బెల్జియమువారు భారతదేశపు నువ్వులలో ఇథిలీన్ ఆక్సైడు శేషమును కనుగొనిరి. కిలోకు 0.05 మిల్లీగ్రాములకు మించరాదని ఐరోపా నియమము. దొరికినది అంతకు ఎన్నో రెట్లు. సేంద్రియమని ముద్రపడిన సరుకులలో సైతము అది బయటపడి, పెక్కు దేశములలో దుకాణముల నుండి వస్తువులు వెనుకకు తీయబడినవి. ఆ వాయువు పొలమున చల్లునది కాదు. కోత తరువాత క్రిములను చంపుటకు సరుకుపై ప్రయోగించునది. అనగా రైతు చేతులు దాటిన తరువాత జరిగిన పని. ఫలితము మాత్రము అందఱిపై పడినది: 2021లో ఐరోపావారు మన ధ్రువీకరణ సంస్థలు కొన్నింటికి గుర్తింపు తొలగించిరి, అదే యేడు జనవరిలో అమెరికావారు మన వ్యవస్థతో నున్న ఒప్పందమును వేఱు కారణములతో ముగించిరి. ఐరోపావారు మన ప్రమాణములను తమవానితో సమానముగా అంగీకరించినది సైతము మరపట్టని, వండని పంటల వఱకే. పొలము వఱకు మన మాటను నమ్మి, మరవద్దకు వచ్చుసరికి నమ్మకుండుట మనకు అవమానకరమే కాని, గిడ్డంగులను మనము నిర్లక్ష్యము చేసిన కాలము దీర్ఘమైనదని ఒప్పుకొనక తప్పదు.

ఈ కఠినత యొక్క భారము ఎవరి భుజములపై పడుచున్నది అన్నది నన్ను మిక్కిలి కలచివేయు ప్రశ్న. రసాయనములు వాడువాడు ఏ పుస్తకమును వ్రాయనక్కఱలేదు, ఎవరికిని రుసుము చెల్లింపనక్కఱలేదు. వాడనివాడే తాను వాడలేదని నిరూపించుటకు డబ్బును కాలమును వెచ్చింపవలెను. రెండెకరముల రైతు ఒంటరిగా ఆ వ్యయమును భరింపలేడు. అందుచే 25 మంది మొదలు 500 మంది వఱకు రైతులు ఒక గుంపుగా ఏర్పడి, తమలో తాము తనిఖీ చేసికొని, ఒకే ధ్రువపత్రము పొందు ఏర్పాటు జరిగినది. ఒకడు తప్పుచేసినచో గుంపునకంతటికి నష్టము గనుక పొరుగువాని పెనము మీద పొరుగువాని కన్నుండును; పూర్వపు ఊరి పరిచయమునకు ఇది వ్రాతరూపమని నాకు తోచును.

తెలుగు నేలలో ఈ పరస్పర బాధ్యతకు బీజములు ఎగుమతి నిబంధనల కంటె వేఱుగా, కష్టకాలములో పడినవి. 1997–98లో వరంగల్లు పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమును కదిలించిన తరువాత, అప్పటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామము పురుగుమందులను మానివేసినది. వరంగల్లు ప్రాంతమున ఏనెబావి గ్రామము 2006లో సంపూర్ణముగా రసాయనములను విడిచినట్లు ప్రకటించుకొన్నది. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత స్త్రీలు, అప్పటి అనంతపురము జిల్లాలో టింబక్టు కలెక్టివు రైతులు పరస్పర ధ్రువీకరణ పద్ధతిని దేశమున తొలుత ఆచరించినవారిలో ఉన్నారు. ఈ పద్ధతిలో బయటి తనిఖీదారుడు ఉండడు. రైతులే ఒకరి పొలము నొకరు చూచి, సంతకము చేసి, ఆ సంతకమునకు పూచీపడుదురు. ప్రభుత్వము 2011లో దీనిని పీజీఎస్–ఇండియా పేర చేపట్టినది. 2017లో ఆహార భద్రతా సంస్థ సేంద్రియాహార నిబంధనలను ప్రకటించి, ఎగుమతి పద్ధతిని ఈ పరస్పర పద్ధతిని రెండింటిని ఒక్కటిగా గుర్తించి, జైవిక్ భారత్ ముద్రను ప్రవేశపెట్టినది. 2025 జనవరిలో జాతీయ కార్యక్రమపు ఎనిమిదవ కూర్పు వెలువడినది.

ఆ 2017 నిబంధనలలో తఱచు ఎవరును చదువని ఒక వెసులుబాటు గలదు. ఏడాదికి 12 లక్షల రూపాయలకు మించని వ్యాపారము గల చిన్న ఉత్పత్తిదారుడు గాని, అట్టివారి సంఘము గాని, తన పంటను తినువానికే నేరుగా అమ్మునప్పుడు ధ్రువపత్రము అక్కఱలేదు. ముద్రను వాడరాదు, మాటతో అమ్ముకొనవచ్చును. ఇట్లు తినువానికే నేరుగా అమ్ముట అనకాపల్లి చుట్టుపట్ల నున్న చిన్న గానుగల వారికి మిక్కిలి యుపయోగకరము. గానుగ కాలమున విశాఖపట్టణమునుండి గంట ప్రయాణము చేసి బెల్లము వండు చోటికి పోవుట ఏ కుటుంబమునకును కష్టము కాదు. పోయినవారు దిమ్మ వన్నెను కాక, నఱికిన గడ ఎన్నాళ్ళదో, బెండ కాండములు ఎక్కడ నానుచున్నవో, సున్నము ఏ కుండలో తేరుచున్నదో, తెట్టు ఎన్ని మాఱులు తీసిరో, తమకన్న ముందు ఆ పెనమున వండినది ఎవరి రసమో అడిగి తెలిసికొనవలెను.